రెండు రికార్డింగులూ సరైనవే: తేడా కడెంజాలో ఉంది

మొజార్ట్ డి మైనర్ పియానో కాన్చెర్టోను (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) ఇద్దరు కళాకారుల రికార్డింగుల్లో విన్నానని, మొదటి మూవ్‌మెంట్ (భాగం) చివర పియానో ఒంటరిగా వినిపించే ఘట్టం రెండింటిలో పూర్తిగా వేరుగా ఉందని, ఏది అసలైనదో తేల్చుకోలేకపోతున్నానని మీరు రాశారు. ఆ ఘట్టాన్ని కడెంజా అంటారు. అక్కడ ఆర్కెస్ట్రా ఇంకా ముగింపుకు చేరని ఒక స్వరమేళనంపై ఆగిపోతుంది. అప్పటివరకు విన్న స్వరబంధాలనే పియానో కళాకారుడు తన కల్పనతో విస్తరించి, చివరికి దీర్ఘమైన ట్రిల్‌తో (పక్కపక్కనున్న రెండు స్వరాలను వేగంగా మార్చి మార్చి వాయించడంతో) సంకేతమిస్తే ఆర్కెస్ట్రా మళ్లీ అందుకుంటుంది.

1785 ఫిబ్రవరి 11న వియన్నాలో ఈ కాన్చెర్టోను మొదటిసారి వాయించినది మొజార్టే అయినా, దీనికి ఆయన రాసిన కడెంజా ఏదీ మనకు దక్కలేదు. అందువల్ల చాలామంది బీథోవెన్ రాసినదాన్ని ఎంచుకుంటారు. స్వరకర్తలు హుమ్మెల్, క్లారా షూమన్ రాసినవీ ఉన్నాయి, సొంతంగా కూర్చుకునేవారూ ఉన్నారు. నా మట్టుకు బీథోవెన్ కడెంజాయే ఇష్టం, అందులో మొజార్ట్ కంటే బీథోవెన్ గొంతే ఎక్కువగా వినిపించినా సరే.

మీ రికార్డింగుల వివరాల్లో కడెంజా కర్త పేరు ఉందేమో చూడండి. చివరి మూవ్‌మెంట్‌లోనూ ఇలాంటి తేడాయే ఎదురవుతుంది. బీథోవెన్ అయిదవ పియానో కాన్చెర్టోలో మాత్రం ఈ సందేహం రాదు. మొదటి మూవ్‌మెంట్‌లో విడిగా కడెంజా వాయించవద్దని ఆయనే స్వరప్రతిలో రాసి, ఆ చోట వాయించవలసినదాన్ని పూర్తిగా తానే కూర్చాడు.