కీమో టైంలో జ్యూస్ తాగాక విరేచనాలా? జ్యూసరు జాలీ విప్పి చూడండి

అనుమానం రెండింటి మీద: క్యాన్సర్‌కు ఇచ్చే కీమో మందు, లేదా మీ జ్యూసరులో పిప్పి వడకట్టే జాలీ. కీమో నడుస్తున్న మీ అమ్మగారికి పరగడుపున రెండు గ్లాసుల క్యారెట్, బీట్‌రూట్ జ్యూస్ ఇస్తుంటే విరేచనాలు పట్టుకున్నాయన్నారు కదా.

1. ముందు ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ డాక్టరుకు) ఫోన్ చేయండి. ఆయన చెప్పేదాకా పచ్చి జ్యూస్ ఆపండి. చాలా కీమోల్లో మందు ఎక్కించాక 7-14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి, అప్పుడు ఇన్ఫెక్షన్‌ను తట్టుకునే శక్తి తక్కువగా ఉంటుంది.

2. అందరూ వదిలేసేది జాలీ. నీళ్లు పోసి బోర్లిస్తే సరిపోదు. విప్పి వెలుతురుకు పెట్టి చూడండి, కన్నాల్లో నారింజ రంగు పిప్పి ఇరుక్కుని ఉంటుంది. మన వైజాగ్ ఉక్కలో అది సాయంత్రానికే పులుస్తుంది. రబ్బరు రింగు కిందా అంతే. జ్యూస్ తీసిన వెంటనే సబ్బు, బ్రష్‌తో తోమి పూర్తిగా ఆరనివ్వండి.

3. రైతుబజారు నుంచి తెచ్చిన క్యారెట్‌ను తొక్క తీయకముందే కుళాయి కింద రుద్ది కడగాలి. తర్వాత కడిగితే మట్టి అప్పటికే కత్తితో లోపలికి వెళ్లిపోతుంది.

4. మళ్లీ మొదలుపెడితే చిన్న గ్లాసు, అదీ తిన్నాకే. అప్పటికప్పుడు తీసింది తాగించండి, ఫ్రిజ్‌లో దాచొద్దు. అన్నం, పప్పు మానేసి జ్యూస్ మీద మాత్రం ఉంచకండి (చుట్టాలు ఎన్నైనా చెబుతారు), అందులో ప్రోటీన్ దాదాపు ఉండదు.

జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే ఇవన్నీ పక్కన పెట్టి, అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి.