దస్తగిరి ఎవరు?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. మేం హిందువులమే గానీ నా పేరు దస్తగిరి. ఊళ్ళో జెండా కట్ట దగ్గర మొక్కుకుంటే పుట్టానని అవ్వ ఈ పేరు పెట్టింది. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఇల్లు అద్దెకు అడిగినా, ఆఫీసులో కొత్తవాళ్ళు పరిచయమైనా ఈ పేరేంటని అడుగుతారు. ప్రతిసారీ చెప్పుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. మార్చుకుంటానంటే అవ్వ ఒప్పుకోవట్లేదు. అసలు దస్తగిరి ఎవరు? మా ఊరికి ఎప్పుడైనా వచ్చాడా?
- ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: రాలేదండీ. ఆయన సమాధి బాగ్దాద్‌లో ఉంది, మన దగ్గర ఉన్నవి ఆయన పేరున నిలిపిన జెండాలే.

ఆయన ఒక సూఫీ గురువు, అసలు పేరు అబ్దుల్ ఖాదర్ జీలానీ. ఇప్పటి ఇరాన్‌లో, కాస్పియన్ సముద్రం పక్కనున్న జీలాన్‌లో 1077 ప్రాంతంలో పుట్టారు. పద్దెనిమిదేళ్ళప్పుడు చదువు కోసం బాగ్దాద్ బయల్దేరారు. ఆ ప్రయాణం గురించి ఒక కథ చెప్పుకుంటారు. తల్లి నలభై దీనార్లు అంగీ లోపల పెట్టి కుట్టి, ఏం జరిగినా అబద్ధమాడొద్దని మాట తీసుకుందట. దారిలో దొంగలు పడ్డారు. నీ దగ్గరేముందిరా అని ఒకడు అడిగితే నలభై దీనార్లున్నాయన్నాడు, వాడు నవ్వేసి పోయాడు. చివరికి నాయకుడు కుట్లు విప్పించి చూస్తే నిజంగానే ఉన్నాయి. ఎందుకు చెప్పావురా అంటే, అమ్మకు మాటిచ్చానన్నాడట. ఆ ఒక్క మాటకు నాయకుడు కరిగిపోయి దోచిందంతా తిరిగిచ్చేశాడని చెబుతారు.

బాగ్దాద్‌లో హంబలీ ధర్మశాస్త్రం (సున్నీ ముస్లింల నాలుగు ధర్మశాస్త్ర పద్ధతుల్లో ఒకటి) చదివి, తర్వాత ఏళ్ళ తరబడి ఇరాక్ ఎడారుల్లో ఒంటరిగా తిరిగి, యాభై ఏళ్ళ వయసులో, 1127లో గానీ జనం ముందు నోరు విప్పలేదు. అన్నేళ్ళు ఆగడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఇక మొదలుపెట్టాక వినేవాళ్ళు పెరిగిపోయి, గురువు నుంచి వచ్చిన మదర్సాను పెద్దది చేయాల్సి వచ్చింది. ఆయన ప్రసంగాలు 62 ఒక పుస్తకంగా ఉన్నాయి, వాటిలో పైకి ఫకీరు వేషం వేసి లోపల ఆశలు దాచుకున్నవాళ్ళను గట్టిగా నిలదీస్తారు. 1166లో పోయారు. ఆయన పేరుతో నడిచే ఖాదిరీ సిల్సిలా, అంటే గురుశిష్య పరంపర, కొడుకులు, శిష్యుల చేతుల్లో ఆ తర్వాతే నిలబడింది.

ఇక మీ పేరు. పారశీకంలో దస్త్ అంటే చెయ్యి. మనం రోజూ అనే దస్తావేజులో ఉన్నది ఆ దస్తే. గీర్ అంటే పట్టుకునేవాడు, జహాంగీర్‌లో ఉన్నదే. పడిపోతుంటే చెయ్యి పట్టి లేపేవాడు దస్తగీర్. అది ఆయన బిరుదు. మన నోట్లో గీర్ కాస్తా గిరి అయింది, వెంకటగిరిలా వినిపించి మన ఇళ్ళలో కలిసిపోయింది. ఖాదర్, గౌస్, మొహిద్దీన్, మహబూబ్ కూడా ఆయన తాలూకు పేర్లే. తళ్ళికోట యుద్ధం తర్వాత ఆదోని బీజాపూర్ సుల్తానుల చేతికి వచ్చింది, బీజాపూర్‌లో ఖాదిరీ పరంపర గురువులు చాలామంది ఉండేవారు కాబట్టి ఈ పేరు మీ వైపుకి ఆ దారినే వచ్చి ఉంటుంది.

మా ఊళ్ళోనూ వేపచెట్టు కింద జెండా కట్ట ఉంది. దస్తగిరి పేరున చేసే గ్యార్మీ నాడు, అంటే ముస్లింల నెల రబీ ఉల్ ఆఖిర్ పదకొండున, మా అమ్మ చక్కెర పొట్లం, ఊదుకడ్డీలు పట్టుకుని నన్ను తీసుకుపోయేది. జెండా కట్ట చూసుకునే ముజావర్ ఫాతెహా ప్రార్థన చదివి, నెమలీకల కట్టతో నా నెత్తిన రెండుసార్లు తట్టి, పొట్లంలోంచి చిటికెడు చక్కెర తీసుకుని మిగతాది మా చేతిలో పెట్టేవాడు. ఆయన కులమేంటి, మా కులమేంటి అని అక్కడ ఎవరూ అడగలేదు.

పేరు మార్చుకోవడం మీ ఇష్టం, అందులో తప్పేం లేదు. నా మనసులో మాట అడిగితే మాత్రం మార్చొద్దు. అడిగినవాళ్ళకి పెద్ద కథ చెప్పక్కర్లేదు, చెయ్యి పట్టుకునేవాడని అర్థం, మా అవ్వ మొక్కు అంటే చాలు. ఈసారి ఊరికెళ్ళినప్పుడు అవ్వ పక్కన కూర్చుని, ఆ రోజు జెండా కట్ట దగ్గర ఏమని మొక్కుకుందో అడగండి. మీకు ఇంకా చెప్పినట్టు లేదు.