మే నెల రగ్బీ: మేనకోడలు డాక్టరుకి మావయ్య ఉత్తరం

చి. బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. మీ కౌంటీ (ఇంగ్లండ్‌లో మన జిల్లా లాంటిది) రగ్బీ జట్టుకి ఈ మే నెలలో మ్యాచ్ డాక్టరుగా ఉండమని అడిగారట, నువ్వు సరేనన్నావట. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "రగ్బీ గురించి దానికేం తెలుసన్నయ్యా" అని దాని టెన్షన్ దానిది. నీకు ఆట తెలియకపోవడం పెద్ద అడ్డేమీ కాదు. ఎమర్జెన్సీలో పనిచేసేదానివి, జారిన భుజాలూ విరిగిన వేళ్లూ నీకు కొత్త కాదు. నీకు కొత్తగా ఉండేది ఆ సీజన్ క్యాలెండర్. జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, ఉన్నన్నాళ్లూ శనివారాలు టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గరే గడిపినవాణ్ని కాబట్టి, దాని సంగతి ముందే నీ చెవిన వేస్తున్నాను.

ముందు పోటీ ఏమిటో తెలుసుకో. ఇంగ్లండ్ కౌంటీ ఛాంపియన్‌షిప్ 1889 నుంచీ ఉంది. ఒకప్పుడు దేశం జట్టులోకి వెళ్లే దారి అదే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున రగ్బీ ఆడింది ఆ ఏటి కౌంటీ ఛాంపియన్ కార్న్‌వాల్ జట్టే. ఆస్ట్రేలియా చేతిలో 32-3తో ఓడిపోయిందనుకో. 1995లో ఆట ప్రొఫెషనల్ అయ్యాక పెద్ద క్లబ్బుల వాళ్లు ఇటు రావడం మానేశారు. ఇప్పుడు ఆడేవాళ్లు కింది లీగుల క్లబ్బుల నుంచి వస్తారు: టీచర్లు, ప్లంబర్లు, రైతులు, పోలీసులు. మీ జట్టు ఉన్నది రెండో డివిజన్, ఇదివరకు ప్లేట్ అనేవారు. రంజీలో హైదరాబాద్ ప్లేట్‌కి దిగి, 2023-24లో అది గెలిచి మళ్లీ పైకి వెళ్లింది చూడు, ఆ తరహా అన్నమాట. రెండో డివిజనే కదా అని తేలిగ్గా తీసుకునేవాడు ఆ జట్టులో ఒక్కడూ ఉండడు. క్లబ్బులో పదేళ్లు ఆడినవాడికి కౌంటీ జెర్సీ వేసుకోవడం ఎంత గొప్పో నీకు మొదటి రోజే తెలిసిపోతుంది.

పద్ధతి ఏటా కాస్త అటూ ఇటూ మారుతుంది. మామూలుగా సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా క్లబ్ సీజన్, అది అయ్యాక మేలో కౌంటీ మ్యాచ్‌లు. పూల్‌లో, అంటే జట్ల గ్రూపులో, మూడు ఆటలు, దాదాపు వారానికొకటి, ఆ తర్వాత ఫైనల్. గెలిస్తే 4 పాయింట్లు, నాలుగు ట్రైలు (బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకి తాకించడం) చేస్తే ఒక బోనస్, స్కోరులో ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడినా ఒక బోనస్. మూడే ఆటలు కాబట్టి ఒక్క బోనస్ పాయింటుతో ఫైనల్ చేజారిపోవచ్చు. అందుకే ఎనభై నిమిషాలు అయ్యేదాకా ఎవరూ తగ్గరు.

ఇప్పుడు ఈ లెక్క చూడు. తలకి దెబ్బ తగిలి కంకషన్ అయితే, అంటే మెదడు అదిరి దాని పని కాస్త తప్పితే, బ్రిటన్‌లో 2023లో వచ్చిన నిబంధన ప్రకారం మామూలు స్థాయి ఆటగాడు కనీసం 21 రోజులు పోటీ మ్యాచ్ ఆడకూడదు. అదీ లక్షణాలు పూర్తిగా తగ్గితేనే. మొదటి శనివారం దెబ్బ తగిలిందంటే రెండోదీ మూడోదీ పోయినట్టే, ఫైనల్ కూడా అనుమానమే. అంటే "నీకు కంకషన్" అని నువ్వు అన్న మరుక్షణం వాడి సీజన్ అయిపోయింది. ఆ సంగతి వాడికి నీకంటే ముందే తెలుసు, కోచ్‌కీ తెలుసు. కాబట్టి నీతో అబద్ధం చెప్తారు. చెడ్డవాళ్లు కాదు, ఆశ అలాంటిది. ఆస్పత్రికి వచ్చిన రోగి ఉన్న నొప్పికి రెండింతలు చెప్తాడు, ఇక్కడ పుట్టెడు నొప్పి పెట్టుకుని "ఫైన్ డాక్" అంటాడు. నువ్వు మార్చుకోవలసిన అలవాటు ఇదే.

పని మొదటి మ్యాచ్ రోజున కాదు, మొదటి ట్రైనింగ్ సాయంత్రమే మొదలుపెట్టు. ఒక్కొక్కణ్నీ పక్కకి పిలిచి ఏప్రిల్‌లో తలకి దెబ్బ తగిలిందా అని అడుగు. క్లబ్ చివరి మ్యాచ్‌లో తగిలి ఉంటే ఆ 21 రోజులు అప్పటి నుంచే లెక్క. పదిహేను క్లబ్బుల నుంచి వచ్చే మనుషులు, ఎవరికేం జరిగిందో కౌంటీకి తెలియదు. వాడి మాటతో సరిపెట్టుకోకుండా క్లబ్ ఫిజియోకి కూడా ఫోన్ చెయ్యి.

మ్యాచ్‌లో బంతి వెంట చూడకు. చూడ్డానికి బాగుంటుంది కానీ నీ పని అది కాదు. బంతి పట్టుకున్నవాడి కంటే వాణ్ని పడగొట్టినవాడికే ఎక్కువగా కంకషన్ అవుతుంది. 2023 జులై నుంచి ఈ స్థాయిలో ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ని పట్టి పడగొట్టడం) రొమ్ము ఎముక కింది అంచుకి దిగువనే ఉండాలని రూల్ పెట్టారు, అయినా మోకాలో తుంటో తలకి తగులుతూనే ఉంటుంది. బంతి ముందుకెళ్లాక వెనకాల ఎవడు నెమ్మదిగా లేస్తున్నాడో, ఎవడు గడ్డి పట్టుకుని నిలబడుతున్నాడో చూడు.

టీవీలో అంతర్జాతీయ మ్యాచ్ చూసి, బయటికి తీసుకెళ్లి పరీక్ష చేసి మళ్లీ పంపడం ఇక్కడా ఉంటుందనుకునేవు. లేదు. ఈ స్థాయిలో అనుమానం వచ్చిందంటే ఆ రోజుకి వాడి ఆట అయిపోయినట్టే. తలదెబ్బ తర్వాత తెలివి సరిగ్గా ఉందో లేదో చూసే మ్యాడక్స్ ప్రశ్నలు అడగొచ్చు: ఏ గ్రౌండ్‌లో ఉన్నాం, ఏ హాఫ్, చివరగా స్కోర్ చేసిందెవరు, పోయిన వారం ఎవరితో ఆడావు, గెలిచారా? తప్పు చెప్తే బయటికి. అన్నీ సరిగ్గా చెప్పినా నీ అనుమానం తీరకపోతే బయటికే. ఇక్కడో తమాషా ఉంది: మొదటి వారం "పోయిన మ్యాచ్ ఎవరితో" అంటే ఒక్కొక్కడి జవాబు ఒక్కోటి, ఎందుకంటే అది వాడి క్లబ్ మ్యాచ్. సరైన జవాబులు నీ దగ్గర ముందే రాసి ఉండాలి.

రక్తంతో జాగ్రత్త. రక్తం కారేవాణ్ని 15 నిమిషాల లోపు కట్టు కట్టి లోపలికి పంపొచ్చు, తలదెబ్బకి ఆ వెసులుబాటు లేదు. కనుబొమ్మ చిట్లినవాణ్ని "రక్తమే డాక్, రెండు కుట్లేసి పంపెయ్" అని నీ ముందుకి తోస్తారు. కనుబొమ్మ చిట్లేంత దెబ్బ తగిలినప్పుడు లోపల మెదడు ఊరికే ఉంటుందా? కుట్లు తర్వాత, తల సంగతి ముందు.

ఇక హుకర్, ప్రాప్‌లు. రెండు జట్ల వాళ్లూ వంగి ఒకరినొకరు తోసుకుంటూ బంతి కోసం పోరాడే స్క్రమ్‌లో ముందు వరస వీళ్లదే. ఆ వరసలో శిక్షణ ఉన్నవాళ్లే ఆడాలి. వాళ్లు అయిపోతే బలం పెట్టకుండా ఉత్తుత్తి స్క్రమ్‌లే. స్క్రమ్ బలంగా ఉన్న జట్టుకి అది సగం ఓటమి. రెండో హుకర్‌ని నువ్వు బయటికి పిలిచినప్పుడు కోచ్ చూసే చూపు ఎలా ఉంటుందో ఇప్పుడే ఊహించుకో. అందుకే మొదటి మ్యాచ్‌కి ముందే కోచ్, మేనేజర్, కెప్టెన్ ముగ్గురినీ కూర్చోబెట్టి, తల విషయంలో నీ మాటే ఆఖరి మాట అని ఒప్పించు. రిఫరీకి కూడా ఆటగాణ్ని బయటికి పంపే అధికారం ఉంది, వెళ్లి పలకరించి పరిచయం చేసుకో.

వాళ్లు గొణిగితే కప్పు మీద పేరు గుర్తుచెయ్యి. ఈ ఛాంపియన్‌షిప్‌కి పెట్టింది బిల్ బ్యూమాంట్ పేరు. 1980లో ఇంగ్లండ్‌కి గ్రాండ్ స్లామ్ (ఐదు దేశాల పోటీలో అన్ని మ్యాచ్‌లూ గెలవడం) తెచ్చిన కెప్టెన్. 1982లో లాంకషైర్ తరఫున ఇదే కౌంటీ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడుతూ తలకి దెబ్బ తగిలితే, డాక్టర్లు ఇక వద్దన్నారు. ఆయన 29 ఏళ్లకే ఆట మానేశాడు. తర్వాత ప్రపంచ రగ్బీ సంస్థకే ఛైర్మన్ అయ్యాడు. ఆ కాలపు డాక్టర్లు ఇంగ్లండ్ కెప్టెన్‌కే వద్దని చెప్పగలిగారంటే, నువ్వు ఒక ప్లంబర్‌కి చెప్పలేవా?

మ్యాచ్ అయ్యాక క్లబ్ బార్‌లో బీరు మొదలవుతుంది. దెబ్బ తగిలినవాడికి ఆ రాత్రి బీరు లేదు, కారు తోలడం లేదు, ఒంటరిగా ఉండడం లేదు. ఎవరు ఇంటికి దింపుతున్నారో పేరు కనుక్కుని, వాడి భార్యకో తల్లికో నువ్వే ఫోన్ చేసి చెప్పు. తలనొప్పి పెరిగినా, వాంతులు ఆగకపోయినా, చేతులు తిమ్మిరెక్కినా 999కి (అత్యవసర నంబరు) ఫోన్ చెయ్యాలి. కాగితం మీద రాసి ఇవ్వు, ఎందుకంటే చెప్పింది వాడికి గుర్తుండకపోవచ్చు.

మిగతావి చిన్నవి. నీ ఎన్‌హెచ్‌ఎస్ (సర్కారు ఆస్పత్రి) ఇండెమ్నిటీ, అంటే పొరపాటు జరిగితే నీకు ఉండే రక్షణ, ఈ పనికి వర్తించదు. డాక్టర్ల తరఫున కేసులు చూసే నీ డిఫెన్స్ సంస్థకి రాసి ఒప్పుకోలు తీసుకో. ఆర్‌ఎఫ్‌యు (ఇంగ్లండ్ రగ్బీ సంఘం) నడిపే మైదానం అత్యవసర వైద్యం కోర్సు ఇంకా చెయ్యకపోతే ఏప్రిల్ లోపు చెయ్యి. కౌంటీకి సొంత గ్రౌండ్ ఉండదు, ఏదో ఒక క్లబ్ గ్రౌండ్‌లో ఆడతారు. వెళ్లగానే అంబులెన్స్ వచ్చే గేటు తాళం ఎవరి దగ్గరుందో, ఆగిన గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఎక్కడుందో, తీవ్ర గాయాలు చూసే దగ్గరి ట్రామా సెంటర్ ఏదో చూసుకో. స్క్రమ్ కూలి ఎవడైనా మెడ నొప్పి అంటే, ఆట ఎంతసేపు ఆగినా సరే, నువ్వు చెప్పేదాకా ఎవరూ వాణ్ని కదపకూడదు. డబ్బు మీద ఆశ పెట్టుకోకు, పెట్రోలు ఖర్చు ఇస్తే అదే ఎక్కువ.

మ్యాచ్‌ల లిస్టు రాగానే నాకు వాట్సాప్ చెయ్యి. దగ్గర్లో ఏదైనా ఉంటే నేనూ వస్తాను. మీ అత్తయ్య పులిహోర కట్టిస్తానంటోంది, టీమ్‌కి కాదు, నీకే.

మీ మావయ్య