మీ అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ఏం చెప్పాలి?

కొళత్తూరు నుంచి ఒక అమ్మ రాశారు: “మాది నెల్లూరు. పెళ్లయినప్పటి నుంచి చెన్నైలోనే ఉంటున్నాం. మా అమ్మాయికి 27 ఏళ్లు, బీఎఫ్ఏ (బొమ్మల డిగ్రీ) చదివింది. రెండేళ్లు యానిమేషన్ స్టూడియోలో బ్యాక్‌గ్రౌండ్లు వేసింది. తర్వాత ఏడాదిన్నర ఇంట్లోనే ఉండి పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసింది. ఇప్పుడు ఓఎంఆర్ రోడ్డులో ఒక కంపెనీలో యూఎక్స్ డిజైనరు, అంటే యాప్ తెరలు వాడేవాళ్లకి సులువుగా ఉండేలా గీసే పని, రెండేళ్లు కావస్తోంది. శని, ఆదివారాలు నాటకాల వాళ్లకి తెరలు పెయింట్ చేయడానికి పోతుంది. ఇప్పుడేమో ఉద్యోగం మానేసి తెలుగు ఫాంట్లు చేయడం నేర్చుకుంటానంటోంది. మొన్న ఒక ఇంటర్వ్యూలో ‘అన్నీ బాగున్నాయి గానీ మీకంటూ ఒక స్టైల్ లేదు’ అన్నారట, ఆ రాత్రి అన్నం ముట్టలేదు. సంబంధాల వాళ్లు అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ఒక్క మాటలో చెప్పలేకపోతున్నాను. ఏదో ఒక లైన్లో స్థిరపడమని చెప్పమంటారా?”

అమ్మా, ముందు సంబంధాల వాళ్ల సంగతి తేల్చేద్దాం. “బొమ్మలు వేస్తుంది” అని చెప్పండి, చాలు. సినిమాకి వేసినా, పుస్తకానికి వేసినా, ఫోను తెర మీద వేసినా, నాటకం తెర మీద వేసినా అదే పని. రేపు అక్షరాలు గీసినా అదే. వివరం కావాలనుకున్నవాళ్లు ఇంకో ప్రశ్న అడుగుతారు, అడగనివాళ్లకి మీరు అరగంట చెప్పినా ఎక్కదు.

ఇక అసలు విషయం. మీరు పంపిన మీ అమ్మాయి బొమ్మల లింకు తెరిచి గంటసేపు చూశాను. ఆ ఇంటర్వ్యూ చేసినాయన రెండు నిమిషాలు చూసి ఉంటాడని నా అనుమానం, ఎందుకంటే కాస్త నిదానంగా చూస్తే తెలిసిపోయే సంగతి ఒకటి అందులో ఉంది. మీ అమ్మాయి ఎప్పుడూ కింద నుంచి చూస్తుంది. యానిమేషన్‌కి వేసిన వీధిలో గడప ముందు వదిలిన చెప్పులు మన కళ్లకి ఎదురుగా ఉంటాయి, మేడలు పైనెక్కడో. పిల్లల పుస్తకాల్లో నీళ్ల బిందె పక్కన కూర్చుని చూసినట్టు ఉంటుంది. ఆఖరికి ఆ కంపెనీ యాప్‌లో మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే బొమ్మలో కూడా గేటు కింది సందులోంచి వీధి కనిపిస్తుంది! రంగులు మారాయి, గీత మందం మారింది, కూర్చున్న చోటు మాత్రం మారలేదు. చాలామంది స్టైల్ అంటే ఒకే రకం కళ్లు, ఒకే రకం ముక్కు గీయడం అనుకుంటారు. అది చేతి అలవాటు, దాన్ని ఎవరైనా కాపీ కొట్టొచ్చు, ఏఐ అయితే క్షణంలో కొడుతుంది, పైగా కాపీరైట్ చట్టం ఒక ఫలానా బొమ్మని కాపాడుతుందే గాని స్టైల్‌ని కాపాడదు. ఏది చూడాలి, ఎక్కడ నిలబడి చూడాలి అన్నదే తనది. ఆ సంగతి తనకే ఇంకా తెలియదేమో, ఈ పేరా తనకి చదివి వినిపించండి.

అందుకే నా జవాబు: ఒక లైన్లో స్థిరపడమని చెప్పకండి. కానీ ఉద్యోగం ఈ నెలలో మానేయమని కూడా నేను చెప్పను.

లైన్లు మారేవాళ్లందరూ ఒకటి కాదు. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో కొందరు ఏ కోర్సుకి గిరాకీ ఉందంటే దానికి పరిగెత్తి, సగంలో వదిలేసి, ఇంకోదానికి పోతుంటారు. వాళ్లకి నేను గట్టిగానే చెబుతాను. మీ అమ్మాయి విషయంలో ఏడు పుస్తకాలు అచ్చయి ఉన్నాయి, స్టూడియోలో ఒప్పుకున్న ప్రాజెక్టు ముగిసేదాకా ఉంది. అంటే పని ముగించి బయటికొచ్చే మనిషి. ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోటికి మోసుకెళ్తోంది కూడా. అంత పెద్ద నాటకం తెర మీద చెయ్యి తిరగడానికి ఆ బ్యాక్‌గ్రౌండ్లు వేసిన రెండేళ్లే కారణం, అది చూస్తేనే తెలుస్తోంది.

మన చెన్నైలోనే, మన భాషలోనే ఉన్న పెద్ద ఉదాహరణ బాపుగారు. మద్రాసు యూనివర్సిటీలో లా చదివి 1955లో పట్టా పుచ్చుకున్నారు, లాయరుగా మాత్రం స్థిరపడలేదు. పత్రికల్లో కార్టూన్లు వేశారు, యాడ్ ఏజెన్సీల్లో పనిచేశారు, లెక్కలేనన్ని పుస్తకాలకి ముఖచిత్రాలు వేశారు, 1967లో మొదటి సినిమా తీశారు, ఆ సినిమాల షాట్లు కూడా ముందు కాగితం మీద బొమ్మలుగా గీసుకునేవారు. చివరికి ఆయన చేతిరాతే ఫాంటయి పెళ్లి శుభలేఖలకెక్కింది. ఆ రోజుల్లో ఆయన ఇంట్లో కూడా ఎవరో ఒకరు “అబ్బాయి ఏం చేస్తాడు?” అని అడిగే ఉంటారు. అందరూ బాపు అవుతారని చెప్పడం లేదు, నిజానికి ఆ పేరు చెప్పి పిల్లల మీద బరువు పెట్టడం నాకిష్టం లేదు. పని మారినంత మాత్రాన మనిషి మారక్కర్లేదని మీకు నమ్మకం కుదరడానికి చెప్పానంతే.

డబ్బు సంగతికి వస్తే, ఒక ఆదివారం తనని ఈసీఆర్ రోడ్డు మీద ఇంజంబాక్కంలో ఉన్న చోళమండలానికి తీసుకెళ్లండి, మీరూ వెళ్లండి. మద్రాసు ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న కేసీఎస్ పణిక్కర్, ఆయన శిష్యులు కలిసి 1966లో కట్టుకున్న చిత్రకారుల ఊరు అది. బొమ్మలు అమ్ముడుపోని రోజుల్లో వాళ్లు బాతిక్ గుడ్డలు (మైనంతో అద్దకం వేసినవి), చేతిపని వస్తువులు చేసి అమ్మారు, ఆ డబ్బే స్థలం కొనడానికి పనికొచ్చింది. బాతిక్ చేసినంత మాత్రాన వాళ్లు చిత్రకారులు కాకుండా పోలేదు. మీ అమ్మాయికి ఇప్పుడున్న యూఎక్స్ ఉద్యోగమే బాతిక్ అనుకోమనండి, ఇంకో ఎనిమిది నెలలో ఏడాదో.

ఈలోగా ఫాంటు పని రాత్రిపూట మొదలుపెట్టొచ్చు, దానికి ఉద్యోగం మానక్కర్లేదు. తెలుగుకి గుణింతాలు, వత్తులు కలుపుకుంటే వందల ఆకారాలు గీయాలి, పూర్తి ఫాంటుకి నెలలు పడుతుంది. ఫాంట్లు చేసే ఫాంట్‌ఫోర్జ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి, వాటిని దించుకుని తెరిచి, క్ష ఎలా కట్టారో, ర వత్తు ఎక్కడ కూర్చోబెట్టారో విప్పి చూడొచ్చు. ముందు పుస్తకాల పేర్లకి పనికొచ్చే పెద్దక్షరాల ఫాంటు ఒకటి, అన్ని గుణింతాలతో, ఒక్కటి ముగించమనండి. అది అయ్యాక కూడా ఇదే పిచ్చి మిగిలి ఉంటే అప్పుడు రాజీనామా గురించి మాట్లాడుకుందాం. చదువు కావాలంటే డిజైన్‌లో పీజీ అయిన ఎం.డెస్‌కి బాంబే ఐఐటీ పెట్టే సీడ్ పరీక్ష ఉంది, దానికి వయసు పరిమితి లేదు.

ఈ పిచ్చి ఆపమని నేను అననని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది, దానికో కారణముంది. ఈ సలహాలు చెప్పే పనిలోకి రాకముందు నేను ఇక్కడే ఒక యాడ్ ఏజెన్సీలో ఎనిమిదేళ్లు తెలుగు ప్రకటనలు రాశాను. అక్షరాలు కూర్చేవాళ్లకి తెలుగు రాదు. ఒకసారి హోర్డింగు మీద వత్తులన్నీ విడిపోయి పక్కపక్కన నిలబడ్డాయి, క్లయింటు కోప్పడితే తప్పు రాసినవాడిదేనని నా మీదికి తోసేశారు. తెలుగు తెలిసిన చెయ్యి గీసే అక్షరాల అవసరం నాకు ఆ రోజు నుంచీ తెలుసు, కాబట్టి ఈ విషయంలో నేను పూర్తిగా తటస్థంగా లేను, ఒప్పుకుంటున్నాను.

మానేసే రోజు వస్తే కొన్ని పనులు ముందే చూసుకోవాలి. చేతిలో ఆరు నెలల ఖర్చు ఉండాలి. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్సు ఉద్యోగంతోనే పోతుంది, సొంత పాలసీ అంతకుముందే తీసుకోవాలి. పీఎఫ్ తీయొద్దు, అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది.

పుస్తకాల బొమ్మల ఒప్పందాలు అన్నిటికంటే ముఖ్యం, మీ అమ్మాయి దగ్గర కాగితాలున్నాయో లేదో అడగండి. ఉద్యోగంలో గీసింది మామూలుగా కంపెనీదే. బయట డబ్బు తీసుకుని గీసిచ్చిన బొమ్మ మీద కూడా, వేరేగా రాసుకోకపోతే, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కు గీయించుకున్నవాళ్లకే పోయే అవకాశముంది. హక్కు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే అయిదేళ్లని, ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం మటుకే అని చట్టం అనుకుంటుంది. బొమ్మ నాదే అని చెప్పుకునే హక్కు మాత్రం రాసిచ్చాక కూడా పోదు. ఇవన్నీ తెలియక వాట్సాప్‌లో “ఓకే సార్” అని పెట్టి బొమ్మలు పంపేసేవాళ్లని ఎంతమందిని చూశానో.

ఇంకొక్కటి, పోర్ట్‌ఫోలియో, అంటే తన పనులన్నీ చూపించే ఆ లింకు. ఇప్పుడది యానిమేషన్, పుస్తకాలు, యూఎక్స్, నాటకం అని నాలుగు పెట్టెలుగా ఉంది, అందుకే చూసినవాళ్లకి నలుగురు మనుషుల పనిలా కనిపిస్తోంది. పెట్టెలు తీసేసి, ఆ చెప్పులు, ఆ బిందె, ఆ గేటు సందు, ఆ నాటకం తెర ఒకే పేజీలో పక్కపక్కన పెట్టమనండి. పైన పెద్ద మాటలేవీ అక్కర్లేదు, పేరు చాలు. అన్నట్టు నాటకాల పేజీలో రెండో వీడియో తెరుచుకోవడం లేదు, అదీ సరిచేయమనండి.