ఎకరం అమ్మి జేసీబీ కొనాలా?

జనగామ దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి ఇలా అడిగారు: "మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. డిగ్రీలో చేరి ఆరు నెలలకే మానేశాడు. హైదరాబాద్‌లో మా తమ్ముడికి జేసీబీ ఉంది. ఇళ్ల పునాదులు, సెల్లార్లు తవ్వుతాడు. సెలవుల్లో వెళ్లి మేనమామ పక్కన నాలుగు రోజులు బండిలో కూర్చుని వచ్చినప్పటి నుంచి వీడికి అదే ధ్యాస. ఉన్న రెండెకరాల్లో ఒకటి అమ్మి బండి కొనివ్వమంటున్నాడు. వాళ్ల నాన్న మెత్తబడ్డారు. ఇంత చదివి జేసీబీ తోలడమేమిటని చుట్టాలు అంటున్నారు. మీరేమంటారు?"

అమ్మా, ముందు చుట్టాల సంగతి. వాళ్ల మాట పట్టించుకోకండి. ఏ ఇల్లు కట్టాలన్నా, ఏ షాపింగ్ కాంప్లెక్స్ లేవాలన్నా మొదట నేలలో దిగేది ఈ పనివాళ్లే. పునాది గుంట సరిగా లేకపోతే పైన ఎంత మంచి మేస్త్రీ ఉన్నా చేసేదేమీ ఉండదు. మీ అబ్బాయి ఎంచుకున్న పని మంచిదే. నాకు భయమల్లా ఆ ఎకరం గురించే.

లెక్క వేసి చూద్దాం, కాగితం మీద మీరూ రాసుకోండి. కొత్త జేసీబీ ధర 30 లక్షల పైమాటే. ఎకరం డబ్బులో కొంత ముందు కట్టి, 28 లక్షలు అప్పు తీసుకున్నారనుకుందాం. పదిన్నర శాతం వడ్డీకి నాలుగేళ్లలో తీర్చాలంటే నెల కిస్తీ 72 వేల దాకా వస్తుంది. గంటకు 1,200 కిరాయి అనుకుందాం. అందులో ఐదు లీటర్ల డీజిల్‌కు 475, ఆపరేటర్‌కూ హెల్పర్‌కూ 150, ఆయిల్, టైర్లు, బకెట్ పళ్లు, ఇన్సూరెన్సుకు 125 పోతే చేతిలో మిగిలేది 450. అంటే నెలలో 160 గంటలు బండి తిరిగితే కిస్తీ మాత్రమే తీరుతుంది. 161వ గంట నుంచే మీకు మొదటి రూపాయి. రేట్లు ఊరిని బట్టి అటూ ఇటూ మారతాయి గానీ లెక్క నడిచే తీరు ఇంతే.

ఎండాకాలంలో 160 గంటలు పెద్ద విషయం కాదు. ఆషాఢంలో శంకుస్థాపనలు ఉండవు, పైగా వానలు. హైదరాబాద్‌లో వానాకాలం వచ్చిందంటే సెల్లార్లు తవ్వొద్దని జీహెచ్‌ఎంసీ ఆదేశాలిస్తూ ఉంటుంది. బండి ఇంటి ముందు నిలబడి ఉన్నా కిస్తీ ఆగదు. చేసిన పనికి బిల్లు మూడు నెలలకు వచ్చే సైట్లు ఎన్నో. మొదటి ఏడాదే బండిని ఫైనాన్స్ వాళ్లకు అప్పగించి, అమ్మిన పొలం వైపు చూడలేక ఊరు వదిలిన కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చారమ్మా. వాళ్లలో బండి తోలడం రానివాళ్లు ఒక్కరూ లేరు. నిలకడగా పనులు దొరకకముందే అప్పు చేసినవాళ్లు మాత్రం అందరూ.

మీ అబ్బాయి ఇంకా చూడనిది ఒకటుంది. లివర్లు పట్టుకోవడం కొన్ని నెలల్లో వస్తుంది. నేలను చదవడానికీ, తవ్విన మట్టిని లెక్కగట్టడానికీ ఏళ్లు పడుతుంది. ఈ వృత్తిలో నిలబడ్డవాళ్లందరికీ తిండి పెట్టింది ఆ రెండే.

ఒక ఉదాహరణ చెబుతాను, వాడికి చదివి వినిపించండి. 12 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు సెల్లార్ తవ్వాలి. 360 ఘనపు మీటర్లు. చిన్న టిప్పర్‌లో 6 ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే 60 ట్రిప్పులని కుర్రవాడు ధర ఒప్పుకుంటాడు. కానీ నేలలో గట్టిగా కూర్చున్న మట్టి బయటికి రాగానే ఉబ్బుతుంది. మామూలు మట్టి పావు వంతు పెరిగినా 450 ఘనపు మీటర్లు, అంటే 75 ట్రిప్పులు. ఆ 15 ట్రిప్పుల డీజిల్, డంపింగ్ ఖర్చు ఎవరి జేబులోంచి? రాయి పగిలితే మట్టి కంటే ఎక్కువే ఉబ్బుతుంది. పెద్ద కమర్షియల్ సైట్లలో కొలత గుంటలోనే తీస్తారు, టిప్పర్లు లెక్కపెట్టరు. ఎంపీసీ చదివిన పిల్లవాడికి ఇది కష్టమైన లెక్క కాదు. వాడు చదివిన ఇంటర్ వృథా పోయిందనుకోకండి, ఈ పనిలో దానికి నిజంగా విలువుంది.

నేల సంగతి ఇంకా లోతైనది. హైదరాబాద్‌లో పైన రెండడుగుల మొరం తీయగానే కింద గ్రానైట్ బండ తగలొచ్చు. అప్పుడు బకెట్ పనికిరాదు, బండ పగలగొట్టే బ్రేకర్ ఎక్కించాలి, గంట రేటు మారుతుంది. ఆ మాట ముందే ఒప్పందంలో లేకపోతే గొడవే. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిస్తుంది. విజయవాడ, గుంటూరు వైపు కృష్ణ పక్కన తవ్వితే కొన్ని చోట్ల కొద్ది లోతులోనే నీళ్లు ఊరతాయి, మోటార్లు పెట్టి తోడుకుంటూ పని చేయాలి. ఇంటి పునాదికి ముగ్గు పోశాక ఆపరేటర్ అర అడుగు ఎక్కువ లోతు తీశాడనుకోండి. తీసిన మట్టినే మళ్లీ కప్పేస్తే కుదరదు, రేపు పిల్లర్ కుంగుతుంది. ఆ అర అడుగూ కాంక్రీటుతో నింపాలి. ఆ ఖర్చు ఇంటాయన మీద పడుతుంది, చెడ్డపేరు ఆపరేటర్‌కు వస్తుంది. ఆటో లెవెల్ అనే మట్టం కొలిచే పరికరం పెట్టి లోతు చూసుకునే ఆపరేటర్‌ను అందుకే ఏ ఇంజినీరూ వదులుకోడు.

ఇక ప్రాణాల మాట. మా వీధిలోనే పక్క ప్లాటు వాళ్లు జులైలో ప్రహరీ గోడను ఆనుకుని నిలువుగా పదడుగులు తవ్వించారు. రెండో రాత్రి వానకు గోడ, దాని వెనక మట్టి కలిసి గుంటలో పడ్డాయి. రాత్రి కాబట్టి సరిపోయింది. పగలైతే లోపల ఆరుగురు కూలీలు ఉండేవారు. తవ్వకాల భద్రత మీద మనకు ఐఎస్ 3764 అనే భారత ప్రమాణం ఉంది. మట్టిలో కందకం ఒకటిన్నర మీటరు దాటితే పక్కలకు ఆసరా కట్టాలని, తీసిన మట్టిని అంచుకు కనీసం ఒకటిన్నర మీటరు లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలని అది చెబుతుంది. సైట్లలో ఎక్కువగా తప్పేది ఈ రెండోదే, మట్టి అంచునే కుప్ప పోస్తారు. భూమిలో కేబుళ్లు, పైపులు ఎక్కడున్నాయో అడగడానికి 2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. తవ్వే ముందు అందులో చూసుకునే అలవాటు మొదటి రోజు నుంచే చేయించండి. బ్రేకర్ దగ్గర లేచే రాతి దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది. నీళ్లు చల్లించి, మాస్కు పెట్టుకుని పని చేయాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు, మేనమామ నవ్వినా సరే.

ఇప్పుడు చేయాల్సింది. ముందు ఏడాది పాటు మేనమామ దగ్గరే హెల్పర్‌గా ఉండనివ్వండి. గ్రీజు కొట్టడం, ఆయిల్ చూడడం, హోస్ పైపు పగిలితే మార్చడం, ట్రిప్పులు రాయడం. జీతం తీసుకునే చేయాలి, చుట్టరికం మీద ఊరికే వద్దు. ఆ ఏడాదిలోనే ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిల్ గుర్తించిన కేంద్రంలో ఆపరేటర్ శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. బండికి తగ్గ లైసెన్సు ఆర్టీవో ఆఫీసులో రాయించుకోకుండా రోడ్డెక్కవద్దు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు చేతులెత్తేస్తుంది. చదువు పూర్తిగా తెగిపోకుండా అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ కట్టించండి. వాడికి కొలతల మీద మక్కువ కనిపిస్తే ఐటీఐలో రెండేళ్ల సర్వేయర్ ట్రేడ్ ఉంది. నన్నడిగితే ఈ పనికి బీకాం కంటే అదే దగ్గర.

రెండో ఏడాది సీటు మీద కూర్చోవాలి. జేసీబీతో ఆగకుండా చైన్ బండి, మన వాళ్లు ఇటాచీ అనేది, అదీ నేర్చుకోవాలి. నాలుగైదు అంతస్తుల లోతు సెల్లార్లు తీసేది అవే. అక్కడ పక్కల మట్టి జారకుండా పైల్స్, అంటే నేలలోకి లోతుగా వేసే స్తంభాలు, దింపడం, ఇనుప కడ్డీలు మట్టిలోకి దించి పైన సిమెంటు కొట్టడం దగ్గరుండి చూస్తాడు. ఆ తర్వాత సొంతంగా చిన్న పనులు ఒప్పుకోవచ్చు. దీనికి బండి ఉండనవసరం లేదు, గంటకు కిరాయికి దొరుకుతుంది. కొలత వీడిది, మాట వీడిది, బండి ఇంకొకరిది. అలా పది ఇళ్ల పునాదులు నష్టం లేకుండా తీసిననాడు, నెలకు 160 గంటల పని తన ఫోన్‌కే వస్తున్ననాడు, బండి గురించి మాట్లాడుకుందాం. అప్పుడు కూడా మొదట సెకండ్ హ్యాండ్‌దే.

గల్ఫ్‌కు పంపుతామని ఎవరైనా వస్తే, విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంట్ రిజిస్టరై ఉన్నాడో లేదో చూడండి. విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కూడా అడగండి. అక్కడి సర్టిఫికెట్లు, లైసెన్సులు వేరు. ఇక్కడ చేయి తిరగకుండా అక్కడికి వెళ్తే హెల్పర్‌గానే మిగిలిపోతాడు.

పొలం పాసుపుస్తకం మీ దగ్గరే ఉంచుకోండమ్మా. వాళ్ల నాన్నకు పైన రాసిన కిస్తీ లెక్క చూపించండి. వచ్చే సోమవారం అబ్బాయిని మేనమామ దగ్గరికి పంపుతూ ఒక 200 పేజీల నోట్‌బుక్ ఇవ్వండి. ఏ రోజు ఏ సైటు, ఎంత పొడవు వెడల్పు లోతు, ఎన్ని ట్రిప్పులు, ఎన్ని గంటలు, ఎన్ని లీటర్లు, ఎన్నో అడుగు దగ్గర బండ తగిలింది, రోజూ రాయమనండి. నాలుగు నెలల తర్వాత ఆ నోట్‌బుక్‌తో వాడిని నా దగ్గరికి పంపండి.