నాన్న నడక, నలభై లక్షల కాగితం

ప్రశ్న: మేడమ్, నాకు 22 ఏళ్లు. మాది గాజువాక. బీజెడ్‌సీతో డిగ్రీ అయింది. కాలేజీలో ఖోఖో ఆడేదాన్ని. ఇప్పుడు ఒక జిమ్ములో పొద్దున పూట ఆడవాళ్ల బ్యాచ్‌కి ట్రైనర్‌గా చేస్తున్నాను. నాన్న స్టీల్‌ప్లాంటులో పనిచేస్తున్నారు, వచ్చే ఏడాది రిటైర్మెంటు. పోయిన ఏడాది ఆయన గుండెకి స్టెంటు వేశారు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు చీటీ మీద ‘రోజూ నడవండి’ అని ఒక్క ముక్క రాసిచ్చారు. ఎంతసేపు, ఎంత వేగంగా అన్నది ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి నేనే నడిపిస్తున్నాను. ఆదివారాలు ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తాను, మిగతా రోజులు మా కాలనీలోనే. చేతికి వాచీ పెట్టాను. ఎంత తొందరపెట్టినా పల్స్ 100 దాటదు. కావాలనే మెల్లగా నడుస్తున్నారని చాలాసార్లు విసుక్కున్నాను. ఒక రోజు ఆయన గోడకి ఆనుకుని నిలబడిపోయారు. ఆ రోజు చాలా భయమేసింది.

నాకు ఎక్సర్‌సైజ్ సైన్స్‌లో పీజీ చేయాలని ఉంది. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాలో ఎంఎస్‌కి 40 లక్షలు అవుతుంది, లోను మేమే చూస్తాం అంటున్నారు. కొత్తవలస దగ్గర ఉన్న స్థలం తాకట్టు పెట్టమంటే నాన్న ససేమిరా అన్నారు. ‘బరువులెత్తించడానికి అమెరికా ఎందుకే గుంటా, పీటీ మేష్టారివి అవుతావా?’ అన్నారు. మేనత్త సంబంధం పట్టుకొచ్చింది. అమ్మ అందరి మధ్యా నలిగిపోతోంది. ఎంపీఈడీ (వ్యాయామ విద్య), ఎంపీటీ (ఫిజియోథెరపీ), న్యూట్రిషన్, పబ్లిక్ హెల్త్... ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెబుతున్నారు. ఏది మంచిది? నాన్నని ఎలా ఒప్పించాలి?

జవాబు: చదువుల పేర్లన్నీ ఒక్క వాక్యంలో కట్టేశావు తల్లీ. నాన్న నడక గురించి మాత్రం అర పేజీ రాశావు. రెండోసారి చదివినప్పుడు నాకు నీ అసలు ప్రశ్న ఆ అర పేజీలోనే కనిపించింది.

ముందు వాచీ సంగతి. నేను డాక్టర్ని కాను. కానీ మా ఇంట్లోనూ ఒక స్టెంటు మనిషి ఉన్నారు కాబట్టి ఇది తెలుసు. గుండెకి వైద్యం అయినవాళ్లలో చాలామందికి బీటా బ్లాకర్ అనే రకం మాత్రలు ఇస్తారు. గుండె వేగాన్ని అదుపులో పెట్టడమే వాటి పని. అవి వేసుకునే మనిషి ఎంత కష్టపడి నడిచినా పల్స్ మామూలు వాళ్లకి పెరిగినట్టు పెరగదు. జిమ్ముల్లో మీరు చెప్పే లెక్క, 220లోంచి వయసు తీసేయడం, వాళ్ల దగ్గర చెల్లదు. అందుకే మనిషికి ఎంత కష్టంగా అనిపిస్తోందో అడిగి, 6 నుంచి 20 దాకా అంకెల్లో చెప్పించే పద్ధతి ఒకటుంది. బోర్గ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త పెట్టింది. అంతకన్నా తేలికైనది, నడుస్తూ మాట్లాడగలుగుతున్నారా, రొప్పుతో మాట మధ్యలో ఆగుతోందా అని చూడటం. ఆ వాచీ నమ్ముకుని మీ నాన్నని పరిగెత్తించినంత పని చేశావేమో! నిన్ను తప్పుపట్టడం లేదు. నీకు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. పల్స్ ఎందుకు పెరగడం లేదన్న ప్రశ్న ఉంది చూశావా, నువ్వు చదవాలనుకుంటున్న శాస్త్రం అలాంటి ప్రశ్నల మీదే నడుస్తుంది.

ఇక కోర్సులు. ఈ రంగంలోకి చాలా దారులున్నాయి, అన్నీ ఒకే ఊరికి పోవు. నువ్వు రోజంతా ఎవరి పక్కన నిలబడాలనుకుంటున్నావు? పరుగు పందెం అమ్మాయి పక్కనా, స్కూలు పిల్లల మధ్యనా, స్టెంటు వేయించుకున్న పెద్దాయన పక్కనా, లేక ఒక వార్డు మొత్తం జనం ఎందుకు నడవడం లేదో లెక్క తీసే బల్ల దగ్గరా?

మీ నాన్న ఎగతాళి చేసిన పీటీ మేష్టారి దారి అంత తీసిపారేసేది కాదు. ఏ డిగ్రీ ఉన్నా పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, మైదానంలో పరీక్షలు నెగ్గి రెండేళ్ల బీపీఈడీ, ఆ తర్వాత మరో రెండేళ్ల ఎంపీఈడీ. రెండూ మన ఆంధ్రా యూనివర్సిటీలోనే ఉన్నాయి, ఇంటి నుంచి బస్సులో వెళ్లిరావచ్చు. లెక్చరర్ అర్హతకి పెట్టే నెట్ పరీక్షలో ఫిజికల్ ఎడ్యుకేషన్ ఒక సబ్జెక్టు, కాబట్టి కాలేజీల్లో పాఠం చెప్పే దాకా వెళ్లవచ్చు. కానీ ఆ దారి చివర పిల్లలుంటారు, ఆటలుంటాయి. పేషెంట్లు ఉండరు.

ఆటగాళ్ల శరీరం మీద ఆసక్తి ఉంటే గ్వాలియర్‌లో 1957లో పెట్టిన లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థ, చెన్నైలో తమిళనాడు ప్రభుత్వం వారి ఫిజికల్ ఎడ్యుకేషన్ యూనివర్సిటీ ఉన్నాయి. వ్యాయామ శరీరధర్మశాస్త్రం అక్కడ ప్రత్యేకంగా చదువుకోవచ్చు. మణిపాల్‌లోనూ ఈ రంగంలో ఎంఎస్సీ ఉంది. తిండి వైపు మనసుంటే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో ఎంఎస్సీ చెబుతుంది. అక్కడ డిగ్రీలో ఏ సబ్జెక్టులు చదివావన్నది గట్టిగా చూస్తారు, ఈ ఏడాది ప్రకటన చదివాకే ఆశ పెట్టుకో. పబ్లిక్ హెల్త్‌కి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రెండేళ్ల ఎంపీహెచ్ ఉంది. అయితే అందులో లెక్కలూ సర్వేలూ రిపోర్టులే ఎక్కువ. ఒక మనిషి చెయ్యి పట్టుకుని నడిపించడం దానిలో దొరకదు. నీ ఉత్తరం చదివాక అది నీకు ఆనుతుందని నాకనిపించలేదు.

ఎంపీటీ పేరు చెప్పినవాళ్లు ఒక సంగతి దాచారు, లేదా వాళ్లకే తెలియదు. బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, చేయకుండా ఎంపీటీలో చేరలేవు. బీజెడ్‌సీ డిగ్రీ దానికి పనికిరాదు. బీపీటీ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి ఐదేళ్లు, మళ్లీ మొదటి మెట్టు నుంచి. ఇది వినగానే నీకు నీరసం వస్తుందని తెలుసు. కానీ నిజం చెప్పాలి కదా. మన దేశంలో గుండె ఆపరేషన్ అయినవాళ్లని ఆసుపత్రిలో నడిపించే పని ఎక్కువగా ఫిజియోథెరపిస్టులదే. అమెరికాలో క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు అని విడిగా ఒక వృత్తి ఉంది, గుండె పునరావాస కేంద్రాల్లో వాళ్లూ పనిచేస్తారు. ఇక్కడ ఆ పేరుతో కుర్చీలు చాలా అరుదు. ఉన్న పళంగా ఆ డిగ్రీ తెచ్చుకుని విశాఖలో దిగితే, మళ్లీ జిమ్ములోనే తేలే ప్రమాదం ఉంది. కన్సల్టెన్సీ వాళ్లు ఈ ముక్క చెప్పారా?

వాళ్లు చెప్పి ఉండని ఇంకో రెండు మూడు. మూడేళ్ల డిగ్రీని అక్కడ అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు. ఒప్పుకున్నవి కూడా అనాటమీ, ఫిజియాలజీ, బయోమెకానిక్స్ లాంటివి చదవలేదని ముందు అవి పూర్తిచేయమంటాయి, దానికీ ఫీజే. చదువయ్యాక పని చేసుకోవడానికి 12 నెలలు ఇస్తారు, కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే మరో 24 నెలలు. ఒకే లాంటి పేరున్న రెండు కోర్సుల్లో ఒకటి ఆ జాబితాలో ఉండి ఇంకోటి లేకపోవచ్చు, కోర్సు కోడ్ అడిగి చూసుకోవాలి. మరోపక్క, ఈ శాఖల్లో అసిస్టెంట్‌షిప్ అని ఒకటుంటుంది. ల్యాబులో సాయం చేసో, డిగ్రీ పిల్లలకి వ్యాయామం క్లాసులు చెప్పో ఫీజు తగ్గించుకుని కొంత జీతం కూడా తీసుకోవచ్చు. నీకున్న ట్రైనర్ అనుభవం అక్కడ అక్కరకొస్తుంది. దానికి ప్రొఫెసర్లకి నువ్వే రాయాలి, మధ్యవర్తికి అందులో ముట్టేదేమీ లేదు. అందుకేనేమో ఆ మాట ఎత్తరు. అమెరికా వద్దనడం లేదు. అసిస్టెంట్‌షిప్ చేతికి రాకుండా వద్దంటున్నాను.

ఇప్పుడు నాన్న. ఆయన వద్దన్నది దేనిని? నీ ఉత్తరం ప్రకారం స్థలం తాకట్టుని. నువ్వేమో ‘చదువు వద్దన్నారు’ అన్నట్టు బాధపడుతున్నావు. 40 లక్షలకి నూటికి 10 చొప్పున చూసినా ఏడాదికి 4 లక్షల వడ్డీ. నెలకి 33 వేల పైచిలుకు, అసలు ముట్టకుండానే. వచ్చే ఏడాది జీతం ఆగిపోయే మనిషి, గుండెలో స్టెంటు ఉన్న మనిషి, పెళ్లి చేయాల్సిన కూతురున్న మనిషి ఆ కాగితం చూసి ‘సరే’ అంటే నేను ఆశ్చర్యపోయేదాన్ని. ఆయన ఆ భయాన్ని భయంగా చెప్పుకోలేదు, పీటీ మేష్టారి వేళాకోళంగా చెప్పారు. మన ఇళ్లలో మగవాళ్లు చాలామంది అంతే.

ఆయనతో అమెరికా ఊసెత్తకుండా ఒక కథ చెప్పు. 1953లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి ఒక పరిశోధన ప్రచురించాడు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్లకన్నా, మెట్లెక్కుతూ దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువ వచ్చింది. ఒకే బస్సు, ఒకే కంపెనీ, చేసే పని వేరు. ప్లాంటులో బతుకంతా గడిపిన మనిషికి ఇది ఒక్క నిమిషంలో ఎక్కుతుంది. కుర్చీ దిగనివాళ్లెవరో, రోజంతా కాళ్ల మీద ఉండేవాళ్లెవరో ఆయనే నీకు లెక్కపెట్టి చెబుతారు చూడు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో హర్డిల్స్‌లో ఆసియా స్వర్ణం తెచ్చినప్పుడు ఆయన కూడా మురిసే ఉంటారు. అలాంటి అమ్మాయి వెనక కోచ్ ఒక్కరే ఉండరని, ఫిజియో ఉంటారని, తిండి లెక్క చూసేవాళ్లుంటారని కూడా చెప్పు.

నన్నడిగితే, ఈ ఏడాది ఎక్కడా చేరకు. పొద్దున జిమ్ము ఎలాగూ ఉంది. పగటిపూట ఒక నెల రోజులు ఏదైనా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో చూడనిమ్మని అడుగు. ఒకరు కాదంటే ఇంకొకరు ఒప్పుకుంటారు. ఆ నెలలో నీకు ముసలివాళ్ల మూలుగులు, విసుగులు, ఒకే వ్యాయామం నలభై సార్లు చేయించడం ఇవన్నీ కనిపిస్తాయి. అప్పటికీ పొద్దున్నే లేచి వెళ్లాలనిపిస్తే బీపీటీకి వెళ్లు, ఐదేళ్లని భయపడకు. 28 ఏళ్లకి చేతిలో వృత్తి ఉంటుంది, విశాఖ వదలక్కర్లేదు. నెల తిరక్కుండానే మళ్లీ మైదానం వైపు మనసు లాగితే చెన్నై, గ్వాలియర్ వైపు చూడు. రెండిట్లో దేనికీ కొత్తవలస స్థలం జోలికి పోవద్దు.

సంబంధం సంగతి అత్తయ్యతో నువ్వు తగువు పడకు. ‘ఏడాది ఆగండి’ అన్న మాట నాన్న నోట రావాలి. నువ్వు ఏం చదవబోతున్నావో ఆయనకి అర్థమైన రోజున అది వస్తుంది. అమ్మని రాయబారానికి వాడుకోవడం మాత్రం ఈ రోజే ఆపెయ్.

వాచీ విషయం డిగ్రీ వచ్చేదాకా ఆపకు. వచ్చే చెకప్పుకి నువ్వూ వెళ్లు. మందుల చీటీ పట్టుకుని రెండు ప్రశ్నలు రాసుకెళ్లు: ఈ మాత్రల్లో పల్స్ తగ్గించేది ఉందా, ఈయన ఎంతసేపు ఏ వేగంతో నడవాలి? గోడకి ఆనుకున్న రోజు సంగతి కూడా దాచకుండా చెప్పు. ఆ లోపు నడకలో మళ్లీ అలా ఆగినా, ఛాతీలో పట్టేసినట్టున్నా చెకప్పు తేదీ కోసం చూడకుండా వెంటనే తీసుకెళ్లు. రేపటి నుంచి ఆయన పక్కన కబుర్లు చెబుతూ నడువు. ఆయన ఆయాసపడకుండా తిరిగి జవాబు చెప్పగలిగినంత వేగం చాలు.