భీమిలి బండల మీది బూడిదరంగు ఈగ కొత్త జాతి కావచ్చా?

మీరు అడిగినది ఇది: భీమిలి దగ్గర అలలు తడిపే బండల మీద రెండు మూడు మిల్లీమీటర్ల బూడిదరంగు ఈగలు గుంపులుగా కనిపించాయి, ఫోటో తీసి వెతికితే ఏ యాప్ కూడా పేరు చెప్పలేకపోయింది. ఇది కొత్త జాతి కావచ్చా? అయితే మా అమ్మ పేరు పెట్టవచ్చా?

కావచ్చు. పెట్టవచ్చు. కానీ యాప్ చేతులెత్తేసినంత మాత్రాన ఈగ కొత్తదైపోదు. తీరప్రాంతపు చిన్న ఈగల మీద కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చెబుతాను.

మీ వర్ణనను బట్టి అవి కనాసిడే కుటుంబం ఈగలు అయి ఉండవచ్చు. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో ఇప్పటికి తెలిసినవి మూడు వందలకు పైచిలుకు జాతులే. ఎక్కువ భాగం సముద్రం ఒడ్డునే బతుకుతాయి. డింభకాలు బండల మీది పచ్చని నాచు తిని పెరుగుతాయి. అల వచ్చి మీద పడే క్షణంలో పెద్ద ఈగలు కొద్దిగా పైకి లేచి, నీరు జారిపోగానే మళ్లీ అదే తడి మీద వాలుతాయి. ఎంతసేపు చూసినా విసుగు పుట్టని దృశ్యం అది. అయితే ఎఫిడ్రిడే అనే మరో కుటుంబం కూడా ఇలాంటి చోట్లే తిరుగుతుంది. అందులో దాదాపు రెండు వేల జాతులున్నాయి. వాటిలో కొన్ని ఉప్పు మడుల్లోని చిక్కటి ఉప్పునీటిలో కూడా బతికేస్తాయి. కాకినాడ వైపు మడ అడవుల బురదలోకి వెళ్తే పొడవాటి కాళ్ల డాలికోపోడిడే ఈగలు కనిపిస్తాయి. ఆ కుటుంబంలో ఏడు వేలకు పైగా జాతులు ఉన్నాయి. ఫోటోలో ఇవన్నీ ఒక బూడిదరంగు చుక్కలాగే ఉంటాయి. తల మీద రోమాలు ఎన్ని, ఏ వైపుకు వంగి ఉన్నాయి, రెక్కల్లో ఈనెలు ఎక్కడ కలుస్తున్నాయి అన్నది మైక్రోస్కోప్ కింద చూస్తేనే కుటుంబం ఏదో తేలుతుంది.

పత్రికల్లో 'సముద్ర తీరంలో కొత్త ఈగ లభ్యం' అని శీర్షికలు వస్తుంటాయి. నాకు వాటి మీద కాస్త కోపం. తీరంలో దొరికేది ఈగ మాత్రమే. అది కొత్తదన్న సంగతి బల్ల ముందు, పాత కాగితాల మధ్య తేలుతుంది. ఆ పనిలో సింహభాగం కొత్తదనాన్ని చూపించడం కాదు, దానికి ఇంతకుముందే ఎవరూ పేరు పెట్టలేదని రుజువు చేయడం.

మొదట మగ ఈగ కావాలి. దగ్గరి చుట్టాలైన జాతులు పైకి ఒకేలా కనిపించినా, మగ ఈగ పొట్ట చివర ఆడ ఈగను పట్టుకునే కొక్కేల్లాంటి భాగాల్లో మాత్రం తేడా బయటపడుతుంది. ఆవగింజలో సగం కూడా లేని పొట్టను సన్నని సూదులతో విడదీసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి నెమ్మదిగా వేడి చేస్తాం. కండ, కొవ్వు కరిగిపోయి తేనెరంగు పెంకు మాత్రం మిగులుతుంది. దాన్ని కడిగి గ్లిజరిన్ చుక్కలో పెడితే అప్పటిదాకా నల్లటి ముద్దలా ఉన్నదాంట్లో కొక్కేలు, వాటి అంచున వరుసగా రోమాలు, లోపల మడతలు ఒక్కొక్కటిగా తేలి వస్తాయి. పక్క నుంచి, వెనక నుంచి, కింది నుంచి చూసి బొమ్మలు గీయాలి. కొంచెం పక్కకు ఒరిగితే చాలు, అదే కొక్కెం వేరే ఆకారంలో కనిపిస్తుంది. బొమ్మ పూర్తయ్యాక ఆ ముక్కను గ్లిజరిన్ నింపిన బుల్లి సీసాలో వేసి, ఈగ ఉన్న గుండుసూదికే కింద గుచ్చుతాం. శరీరం ఒకచోట, పొట్ట ఒకచోట పడితే ఆ నమూనా ఇక ఎవరికీ పనికిరాదు.

ఒక్క మగ ఈగతో తొందరపడి పేరు పెట్టేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ కొక్కెం ఆకారం జాతి లక్షణమా, ఆ ఒక్క ఈగ ప్రత్యేకతా అన్నది మరికొన్నింటిని పక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. వీలైతే వేరే రాళ్ల నుంచి, వేరే కాలంలో పట్టినవి కూడా చూడాలి.

ఆ తర్వాత పాత రచనలు తిరగేయాలి. మన దేశపు ఈగల మీద తొలి పెద్ద గ్రంథాలు రాసిన ఎన్రికో బ్రునెటి వృత్తిరీత్యా సంగీతకారుడు. కలకత్తాలో ఉంటూ ఈగల మీద పడ్డాడు. ఆయన సంపుటాలు 1912, 1920, 1923లో వచ్చాయి. కానీ అవి మీ బండ ఈగల కుటుంబం దాకా రానే లేదు. కాబట్టి శ్రీలంక, ఫిలిప్పీన్స్, తైవాన్, ఎర్ర సముద్రం తీరాల నుంచి ఎవరెవరు ఏమేం వర్ణించారో వెతకాలి. తీరం వెంబడి బతికే ఈగలకు దేశాల సరిహద్దులతో పనేముంది! పాత వర్ణనలు కొన్ని జర్మన్‌లో, కొన్ని ఇంగ్లీషులో, చాలావరకు నాలుగైదు వాక్యాల్లోనే ఉంటాయి. 'బూడిదరంగు, కాళ్లు నలుపు' అని రాసి వదిలేస్తే ఏం పోల్చగలం? అప్పుడు ఆ పేరుకు ఆధారమైన అసలు నమూనా ఏ మ్యూజియంలో ఉందో కనుక్కుని, అక్కడివాళ్లను ఫోటోలు పంపమని బతిమాలుకోవాలి. మీ ఈగ, ఆ పాత నమూనా ఒకటే అని తేలితే పాత పేరే నిలుస్తుంది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ప్రచురించిన 'సిస్టమా నేచురే' పదో కూర్పు నుంచి ఇప్పటిదాకా ముందు పెట్టిన పేరుకే ప్రాధాన్యం.

డీఎన్‌ఏ సంగతి అడుగుతారని తెలుసు. జంతువుల్లో సీఓఐ అనే జన్యువులోని 658 డీఎన్‌ఏ అక్షరాల ముక్కను చదివి పోలుస్తారు. మగ, ఆడ ఈగలు ఒకే జాతివని తేల్చడానికి, డింభకం ఎవరిదో కనిపెట్టడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. కానీ పోల్చడానికి అవతల కూడా అలాంటి ముక్క ఉండాలి కదా. మన తీరపు ఈగలకు ఆ నిల్వ చాలా పలచన. సింగపూర్‌లో ఈ పద్ధతిలోనే పెద్ద ఎత్తున నమూనాలు చదివి, అక్కడి మడ అడవుల్లో మూడు వేలకు పైగా కీటక జాతులున్నాయని 2021లో ప్రచురించారు. ఆ స్థాయి పని మన కోరింగలో జరిగితే ఏమేం బయటపడతాయో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

ఇక పేరు. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పేరుకు ఆధారమైన నమూనాను, సాధారణంగా హోలోటైప్ అనే ఒకే ఒక్క నమూనాను, ప్రకటించాలి, అది ఏ సంస్థలో ఉంటుందో రాయాలి, మిగతా జాతుల నుంచి తేడా ఏమిటో మాటల్లో చెప్పాలి. ఆన్‌లైన్ పత్రికలో మాత్రమే వస్తే జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ పట్టిక అయిన జూబ్యాంక్‌లో ముందుగా నమోదు చేయాలి. ఇలా ఆన్‌లైన్‌లో మాత్రమే ప్రచురించే వెసులుబాటు 2012లో వచ్చింది. స్త్రీ పేరైతే చివర 'ఏ', పురుషుడి పేరైతే 'ఐ', ఊరి పేరైతే సాధారణంగా 'ఎన్సిస్' చేరుస్తారు. అమ్మ పేరు నిక్షేపంగా పెట్టవచ్చు. సొంత పేరు పెట్టుకోవడాన్ని కూడా నియమం అడ్డుకోదు గానీ నలుగురూ నవ్వుతారు.

ఫోటోతోనే పని జరగదా అంటే, 2015లో దక్షిణాఫ్రికాకు చెందిన ఒక ఈగకు ఫోటోల ఆధారంగానే పేరు పెట్టారు. దాని మీద పెద్ద వాదోపవాదాలే జరిగాయి. పొట్ట చివర కొక్కెం చూస్తే తప్ప గుర్తుపట్టలేని మీ ఈగకు ఆ దారి పనికిరాదు.

మన దేశంలో ఇంకో మెట్టు ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు ఎవరైనా సరే నిర్దేశిత సంస్థకు తెలియజేసి, నమూనాలను అక్కడ అప్పగించాలి. జంతువులకు సంబంధించి అలాంటి సంస్థల్లో ముఖ్యమైనది 1916లో ఏర్పడిన భారత జంతు సర్వేక్షణ సంస్థ, కేంద్ర కార్యాలయం కోల్‌కతాలో ఉంది. నమూనాలను విదేశాలకు పంపాలంటే వేరే నిబంధనలున్నాయి, వాటి జోలికి ఇప్పుడు వెళ్లను.

ఎంత కాలం పడుతుందని కింద వ్యాఖ్యల్లో ఎవరో అడిగారు. నమూనా సేకరించిన నాటి నుంచి పేరు ప్రచురణ దాకా సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. అన్ని రకాల జీవులూ కలిపిన లెక్క అది. శ్రమకు వెరవని నిపుణుడు దొరికితే రెండు మూడేళ్లలో పూర్తి కావచ్చు.

మీరు చేయగలిగింది చెబుతాను. సముద్రం ఆటులో ఉన్నప్పుడు వెళ్లండి, ఒక చిన్న వలతో కొన్ని ఈగలను పట్టి ఆల్కహాల్ సీసాలో వేయండి. మగవి కొన్నయినా ఉండేలా పది పదిహేను చాలు. ఊరు, తేదీ, ఎలాంటి రాయి, మీ పేరు ఒక చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే పెట్టండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. సీసాను నీడలో ఉంచండి. అభయారణ్యం పరిధిలో మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా వల తీయకండి. తర్వాత దగ్గరలోని విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో కీటకాల మీద పనిచేసేవారిని కలవండి.

అనుకున్న పేరును ఇక్కడ వ్యాఖ్యల్లో రాయవద్దని మనవి. వర్ణన ప్రచురించని పేరుకు నియమావళిలో విలువ లేదు, పైగా అది ఏదో ఒక జాబితాలోకి ఎక్కితే తర్వాత పనిచేసేవారికి తలనొప్పి. నేను వర్ణించిన ఒక ఈగ ఇప్పుడు పత్రికవారి సమీక్షలో ఉంది. దాని పేరు నేనూ చెప్పకపోవడానికి కారణం అదే.